బావి కాడి ఇల్లు, ఇరవై ఏడు కార్తెలు



ఈసారి ఎరువుల గురించి గాని, వడ్ల రేటు గురించి గాని రాస్తలేను. బావి కాడి మా ఇంటి గురించి రాస్తున్న. కొంచెం పొడుగైతది. తీరిక చేసుకొని చదువుకోండి.

సంగతేందంటే, పోయిన ఎండాకాలం హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి కారేసుకొని వచ్చిండు. వెంట మన దిక్కు మధ్యవర్తి ఒకాయన. రోడ్డు పక్కన మా ఎకరం, అందులో గూనపెంకల ఇల్లు, బావి, చింతచెట్టు, రెండు మామిడిచెట్లు, అన్నీ కలిపి అడిగిండు. పంట తీయడానికి కాదట, శనివారం ఆదివారం వచ్చి ఉండడానికట. "వానాకాలం, చలికాలం పల్లెలోనే చూడాలె. సిటీలో మాకు కాలం మారినట్టే తెల్వది" అన్నడు. మంచి మనిషే, మర్యాదగ మాట్లాడిండు. చెప్పిన రేటు కూడా చిన్నది కాదు. ఆ ఎకరంలో ఇరవై ఏండ్లు రెండు పంటలు తీసినా నా చేతికి మిగలనంత.

మాకు అప్పు లేదా అంటే ఉంది. బిడ్డ పెండ్లికి తెచ్చింది ఇంకా తీరలే. మా పిలగాడు పట్నంలో నౌకరి చేస్తడు. వాడు ఫోన్ చేసి, "బాపూ, ఇచ్చెయ్. మోకాళ్ళ నొప్పులతోని ఇంకెన్నేండ్లు చేస్తవ్? చెట్టు గాలికి, వాన సప్పుడుకు పైసలు రావు" అన్నడు. వాడు అన్నదాంట్లో తప్పు లేదు. కాని ఆ పట్నం సారు పైసలు పెడతా అంటున్నదే చెట్టు గాలికి, వాన సప్పుడుకు. భూమిలో ఏం పండుతదని ఆయన ఒక్క మాట కూడా అడగలే.

అందుకని రెండు రోజులు టైం అడిగిన. రాత్రి అన్నాలు తిన్నంక నేనూ మా ఇంటామె వాకిట్ల కూసొని లెక్క వేసినం. పంట లెక్క కాదు. ఈ ఇల్లు కార్తె కార్తెకు మాకు ఏం ఇస్తున్నదో ఆ లెక్క. అది మీకు చెప్తున్న, మీ ఇంటితోని పోల్చుకోండి.

కార్తెల సంగతి మీకు తెల్వనిది కాదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలమే కార్తె. 27 నక్షత్రాలకు 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. సూర్యుని లెక్క కాబట్టి పండుగల తీరుగ తేదీలు ముందుకు వెనుకకు జరగవు. రోహిణి మే 25 దిక్కు, మిరుగు జూన్ 8 దిక్కు ఏటా వచ్చుడే.

రోహిణిలో రోళ్ళు పగులుతయని మన సామెత. ఊర్లో స్లాబు ఇండ్లలో ఉన్నోళ్ళు కూలర్ పెట్టుకున్నా రాత్రి పది దాకా ఉడికిపోతరు. మా ఇంటివి మూరెడు మందం మట్టి గోడలు. పొద్దుమీకి వాకిట్ల నీళ్ళు చల్లి నులక మంచాలు వేస్తే, చింతచెట్టు కింద గాలికి తెల్లవారంగ దుప్పటి కావాలె. ముంజలు, మామిడిపండ్లు, చింతచిగురు పప్పు, ఇవన్నీ ఆ ఎండ ఇచ్చేటివే. అట్లని అంతా సుఖమే అని చెప్తలేను. మిరుగు రాకముందే ఇంటి మీదికెక్కి పెంకలు సర్దాలె. కోతుల మంద ఒక్కసారి దునికితే యాభై పెంకలు పోతయి. ఈ కోతుల బాధకే మా ఊర్లో సగం మంది పెంకలు తీసి రేకులు వేసుకున్నరు. రేకుల మీద వాన పడితే పక్కనున్న మనిషి మాట వినపడదు. పెంకల మీద పడితే నిద్ర పడుతది.

మిరుగు నాడు చేపల కూర ఎట్లాగూ ఉంటది. నాకు ఇష్టమైంది మొదటి పెద్ద వాన పడ్డ తెల్లారి. చెలకలో అడుగు పెడితే ఆరుద్ర పురుగులు, ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కలు చల్లినట్టు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో గడ్డి వేసి పెంచినోళ్ళమే మనమందరం. ఇప్పుడు కూడా దుక్కి దున్నే ట్రాక్టర్ ఆపి చూసినోన్ని నేను. అది కనపడ్డదంటే భూమి లోపల దాకా తడిసిందని నాకు ఒక గుర్తు.

కార్తె తేదీ మారదు గాని వాన తేదీ మారుతది. 2023లో నైరుతి మన రాష్ట్రానికి వచ్చేసరికి జూన్ 22 అయింది. మిరుగంతా మొగులు చూసుకుంటనే పోయింది. అదే ఏడు జూలై ఆఖరుకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 2025లో మే 26కే వచ్చింది, అప్పటికి రోహిణి కార్తె మొదలే. ఇట్ల ఉంటది మన బతుకు. పట్నం సారుకు వాన వచ్చిన ఆదివారం సంతోషం. మనకు ఆ వాన కోసం ముప్పై రోజులు మొగులు దిక్కు చూసి, ఇత్తనాలు సంచిలో పెట్టుకొని ఆగి, ఆఖరుకు పెంకల మీద సప్పుడు మొదలైతది చూడండి, అప్పుడు వచ్చే సంతోషం వేరు. అది ఎదురు చూసినోనికే దొరుకుతది. కారులో వచ్చి కొనుక్కుంటే దొరికేది కాదు.

పుష్యమి, ఆశ్లేషలు నాట్ల కాలం. మా బావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కడతయి. మగపిట్ట సగం గూడు అల్లి రెక్కలు కొట్టుకుంట ఆడపిట్టను పిలుస్తది. ఆమె వచ్చి లోపల చూసి నచ్చకపోతే పోతది. పాపం వాడు ఇంకోటి మొదలు పెట్టుకోవాలె. నాటు వేసే ఆడోళ్ళు ఒడ్డు మీద సద్ది తినుకుంట ఆ పిట్టను చూసి, సొంత ఇల్లు లేక పిల్ల దొరకని మా ఊరి పిలగాళ్ళను యాది చేసుకొని నవ్వుకుంటరు.

ఉత్తర, హస్త కార్తెలు వచ్చేసరికి బతుకమ్మ. గుట్ట మీద తంగేడు, చెలకలో గునుగు, గట్ల మీద కట్లపూలు, పెరట్ల బంతి. పూవుకు రూపాయి పెట్టకుండ బతుకమ్మ పేర్చిన ఊర్లు మనవి. ఇప్పుడు ఊర్లోకి ఆటోలో గునుగు కట్టలు అమ్మకానికి వస్తున్నయి. ఎందుకంటే గునుగు మొలిచే జొన్న చేండ్లు పోయినయి, ఉన్న చెలకల్లో, గట్ల మీద గడ్డి మందు కొట్టబట్టినం. పత్తి చేనులో కలుపు కూలీ ఎంతైందో నాకూ తెల్సు, మందు కొట్టొద్దని మీకు నేను చెప్పలేను. మా ఇంటామె మాట మీద తూర్పు గట్టు ఒక్కటి వదిలిపెట్టినం. ఆ ఒక్క గట్టు మీది గునుగుతోనే మా వాడకట్టు అంతటికీ బతుకమ్మలు అయితయి.

ఇక్కడ ఒక పాత మాట యాదికొస్తది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటరు. ఉత్తర కార్తె దాకా చూసినా వాన పడకపోతే ఇక పంట ఆశ లేదు, గంప నెత్తిన పెట్టుకొని ఊరు విడిచిపెట్టమని. మన తాతల్లో ఎంతమంది అట్ల పోయిండ్రో. వాళ్ళు చుక్క నీరు లేక ఇల్లు విడిచిండ్రు. ఇయ్యాల మన చెరువుల్లో నీళ్ళున్నయి, బావులు పొంగుతున్నయి, నడిఎండల కూడా పొలం పచ్చగుంటున్నది. ఇప్పుడు గంప ఎత్తుతున్నమంటే అది వాన చేసిన పని కాదు. ఆ రాత్రి ఈ మాట కాడికి వచ్చినంక ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడలే.

చలికాలం మీద నాకు మోజు ఎక్కువ. పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దు కూడా ఉండదంటరు. పొద్దున లేస్తే పొగమంచులో చింతచెట్టు కనపడదు, బావిలో నీళ్ళు మాత్రం గోరువెచ్చగ ఉంటయి, పైనుంచి ఆవిరి లేస్తది. నారుమడికి అదే ఆధారం. యాసంగి నారు చలికి పసుపెక్కి ఎదగదు కద, రాత్రి పట్టాలు కప్పి, తెల్లారంగ మడిలో చల్లబడ్డ నీళ్ళు తీసేసి బావి నీళ్ళు పెడుతం. కాళ్ళు ఆ నీళ్ళలో పెట్టినప్పుడు ఉండే హాయి మీకు చెప్పే పని లేదు. పని అయినంక చలిమంట, సజ్జ రొట్టె, అనపకాయ గుడాలు, పిలగాండ్లు తెచ్చే రేగుపండ్లు.

శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతది. గట్ల మీద మోదుగులు ఆకు రాల్చి ఎర్రగ పూస్తయి. ఉగాదికి వేప పూత, ఇల్లంతా ఆ వాసనే.

వెనకటికి మన దిక్కు చాలామందికి ఒకటే పంట. సంక్రాంతి దాటితే చేతి నిండా తీరిక ఉండేది. చుట్టాల ఇండ్లకు పోవుడు, పెండ్లిళ్ళు, కల్లు, ముచ్చట్లు అన్నీ అప్పుడే. నీళ్ళు వచ్చి యాసంగి పంట చేతికిచ్చినయి గాని ఆ తీరికను తీసుకుపోయినయి. పైగా యాసంగి కోత సరిగ్గ వడగండ్ల కాలంలోకి వచ్చింది. 2023 మార్చి, ఏప్రిల్ నెలల వడగండ్లు మరిచిపోయిన రైతు మనలో ఎవరన్నా ఉన్నరా? మాకు కోతకొచ్చిన రెండెకరాల్లో గింజ సగం నేల పాలైంది. మామిడికాయలు చెట్టు కింద కుప్పలు పడ్డయి. మా ఇంటామె ఒక పూట ఏడ్చింది. తెల్లారి ఆ కాయలన్నీ ఏరి, చెక్కు తీసి, ముక్కలు కోసి ఒరుగులు పెట్టింది. ఆ ఏడంతా మా పప్పులో ఆ ఒరుగులే. కాలం మన నుంచి తీసుకుంటది కూడా. ఆ తీసుకున్న రోజును వదిలి మంచి రోజులే లెక్క రాస్తే దొంగ లెక్క అయితది.

ఇట్ల అన్నీ రాసుకున్నంక మా ఇంటామె ఒక్క మాట అన్నది. "అమ్మితే అప్పు తీరుతది, నిజమే. తెల్లారి తలుపు తీస్తే ఎదురుంగ ఏం కనపడుతదయ్యా?" టౌన్లో ఫ్లాట్ తలుపు తీస్తే ఎదుటోని తలుపు కనపడుతది. దానికి కార్తె ఉండదు.

ఆ ఎకరం ఇయ్యమని ఫోన్ చేసి చెప్పినం. అప్పు కోసం ఇంకో బర్రెను కొన్నం, పాలు కేంద్రానికి పోస్తున్నం. దూరం పొలం రెండెకరాలు నా మోకాళ్ళతోని కాదు కాబట్టి తమ్ముని వరుసోనికి కౌలుకిచ్చిన. అప్పు తీరుడు నాలుగేండ్లు పట్టొచ్చు. పిలగాడు ఇంకా ఒప్పుకోలే. "నీ ఇష్టం బాపూ" అన్నడు గాని ఆ మాటలో ఇష్టం లేదు. వాడి దిక్కు నుంచి చూస్తే వాడిదీ నిజమే, రేపు మమ్మల్ని చూసుకోవాల్సింది వాడే.

అమ్ముకున్నోళ్ళను నేను తప్పు పడుతలేను. దవాఖాన ఖర్చులకు, పిల్లల చదువులకు అమ్ముకున్నోళ్ళు మా ఊర్లో ఎంతోమంది ఉన్నరు. నేను చెప్పేది ఒక్కటే. ఎవరన్నా వచ్చి రేటు చెప్పినప్పుడు గుంటలు, గజాలే కాదు, ఇది కూడా లెక్క వేసుకోండి. బయటోడు అంత పెట్టి అడుగుతున్నది దేన్నో తెల్సుకొని, అప్పుడు ఇస్తరో ఇయ్యరో మీ ఇష్టం. మనం రోజూ చూసి చూసి దాన్ని లెక్కలోకెల్లి తీసేసినం, అంతే.

ఇంకో చిన్న పని. ఇంట్ల ఒక నోట్ బుక్ పెట్టుకోండి. కార్తెకు ఒక్క లైను చాలు. మొదటి వాన ఏ రోజు పడ్డది, ఆరుద్ర పురుగు ఎప్పుడు కనపడ్డది, వేప ఎప్పుడు పూసింది, గిజిగాడు ఎప్పుడు గూడు మొదలుపెట్టిండు. నాలుగైదు ఏండ్లు రాస్తే మన ఊరి కాలం ఎటు జరుగుతున్నదో మనకే తెలుస్తది, ఇత్తనం వేసేటప్పుడు పనికొస్తది. చూసే అలవాటు కూడా మిగులుతది.

ఇది రాసేటప్పటికి విశాఖ కార్తె నడుస్తున్నది. 2025 అక్టోబర్ ఆఖరుల మొంథా తుఫాను వానకు తడిసిన వడ్లు ఇంకా కల్లంలోనే ఉన్నయి. తేమ దిగుతలేదు. పొద్దున మాత్రం మంచు పడి, కుప్ప మీది పట్టా అంతా ముత్యాలు పోసినట్టున్నది. దాన్ని కాసేపు చూసి, పట్టా దులిపి ఎండకు పరిచిన. ఎండ మంచిగనే వచ్చింది. వడ్లు తిరగేసే టైం అయింది, ఉంట మరి.