అరిగిపోయిన అంకెలు

తాళంచెవి లేకుండా తలుపు తెరుచుకునే ట్రక్కులు అమెరికాలో కొత్తేం కాదు. డ్రైవరు తలుపు పిడి దగ్గర అయిదు బటన్ల పట్టీ ఒకటి ఉంటుంది. ఒక్కో బటను మీద రెండేసి అంకెలు. 1-2, 3-4, 5-6, 7-8, 9-0. అయిదంకెల కోడ్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. చివరి రెండు బటన్లూ కలిపి నొక్కితే అన్ని తలుపులకీ తాళం పడుతుంది. ఫోర్డ్ కంపెనీ 1980 మోడల్ కార్లతో ఈ ఏర్పాటు మొదలుపెట్టింది. తర్వాత పికప్ ట్రక్కులకీ వచ్చింది. చేతిపని చేసుకునేవాళ్లకి ఇది పెద్ద సుఖం. తాళాలు జాకెట్టుతో సహా లోపల పడేసి, పని అయ్యాక సిమెంటు చేతుల్తోనే వచ్చి బొటనవేలితో తెరుచుకోవచ్చు.

మేం ఆ చేతిపనివాళ్లమే. ఇళ్లల్లో టైల్స్ వేస్తాం. అమెరికాలో తెలుగువాళ్లంటే కంప్యూటర్లే అనుకునేవాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. మా ఆపా నర్సుగా వచ్చింది. పౌరసత్వం తెచ్చుకుని ముందు అబ్బానీ అమ్మీనీ, పన్నెండేళ్ల తర్వాత మా అన్నదమ్ములిద్దర్నీ పిలిపించుకుంది. గుంటూరులో చేసిన పనే మిచిగాన్‌లో చేస్తున్నాం. ఇక్కడి మసీదులో 'హైదరాబాదీలా?' అని అడుగుతారు. కాదంటే మా ఉర్దూ విని నవ్వుతారు. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ కాదు, తురకం. అందులో సగం తెలుగే. ఉగాది ఫంక్షనుకి వెళితే అక్కడ ఇంకోరకం మెచ్చుకోలు. 'మీరు తెలుగు భలే మాట్లాడతారండీ!' అంటారు. మరి ఏ భాషలో మాట్లాడాలి మేం?

ట్రక్కు సెకండ్‌హ్యాండ్‌ది. కొన్నది అబ్బా. కోడ్ పెట్టిందీ ఆయనే. ఫ్యాక్టరీలో పెట్టిన కోడ్ ఒకటి చిన్న కార్డు మీద అచ్చువేసి ఇస్తారు. అది నొక్కి, అయిదు సెకన్లలోపు 1-2 బటను నొక్కి, మనకి కావల్సిన అయిదంకెలు నొక్కితే మన సొంత కోడ్ తయారు. ఫ్యాక్టరీ కోడ్ దాంతో పోదు, అదీ పనిచేస్తూనే ఉంటుంది. అబ్బా పెట్టింది 7, 8, 6, 0, 0.

786 అంటే ఏమిటో ముస్లిం పాఠకులకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఒక మాట. అక్షరాలకి అంకెలు కట్టే అబ్జద్ లెక్క ప్రకారం బిస్మిల్లా వాక్యం మొత్తం కూడితే వచ్చే సంఖ్య అది. దీన్‌లో ఇలాంటిదేం లేదని కొందరు మౌల్వీలు కోప్పడతారు. లేకపోవచ్చు. మా ఇళ్లల్లో ఉంది. పెళ్లికార్డు నెత్తిన ఉంది, బడ్డీకొట్టు బోర్డు మీద ఉంది, బీరువాలో దాచుకున్న పదిరూపాయల నోటు నంబర్లో ఉంది. అబ్బా నడిపిన లారీ మీదా ఉండేది. గుంటూరు యార్డులో మిరపబస్తాలు ఎత్తుకుని నాగపూర్, ఢిల్లీ పోయే లారీ. క్యాబిన్ ముందు నెలవంక, నెలవంక మధ్యలో 786, కింద బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ. రెండూ దేని పని అది చేసేవి. ఎవరూ పోట్లాడుకోలేదు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చాక ఓనరు పెయింటర్ని పిలిపించాడు. చెడ్డవాడు కాదు. 'సాయిబూ, నీ మంచికేనయ్యా, పైకి పోయే బండి' అన్నాడు. అబ్బా సరే అన్నాడు. నిమ్మకాయలు అలాగే ఉన్నాయి. నెలవంక మీదా అంకెల మీదా పసుపు రంగు పూశారు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడితే మాత్రం రంగు కింద 786 ఉబ్బెత్తుగా కనపడేది. మేం చిన్నపిల్లలం. లారీ ఇంటి ముందు ఆగితే చెయ్యి పెట్టి తడిమి చూసేవాళ్లం.

అందుకని ఇక్కడ ఆయన ఆ అంకెల్ని ఎవరికీ కనపడనిచోట పెట్టుకున్నాడని మా అనుమానం. అడిగితే 'గుర్తుంటుందని' అంటాడు. పైగా ట్రక్కుకి ఆ విషయం తెలియదు. 7కీ 8కీ ఒకటే బటను కదా, 5కీ 6కీ ఒకటే. దానికి 786 అన్నా ఒకటే, 775 అన్నా ఒకటే. బిస్మిల్లా అనుకునేది బొటనవేలు మాత్రమే.

ఏళ్ల తరబడి నొక్కితే రబ్బరు అరుగుతుంది. కంపెనీని అనడానికేం లేదు. దానికీ వయసుంది. 1-2, 3-4 కొత్తవాటిలా ఉన్నాయి. 5-6 మసకబారింది. 9-0 సగం పోయింది. మరీ అరిగింది 7-8. దాని మీద అంకెలే లేవు, రబ్బరు చీలింది. అయిదు బటన్లతో అయిదుసార్లు నొక్కే కోడ్‌లు మొత్తం 3125. ఏ మూడు బటన్లు అరిగాయో కంటికి కనపడితే దొంగ ప్రయత్నించాల్సినవి 150కి పడిపోతాయి. దాచుకున్నది మా చేతుల్తో మేమే బయటపెడుతూ వచ్చామన్నమాట. చీలికలోంచి నీళ్లు దిగాయి. చలికాలం వస్తే 7-8 ఒకసారి పలికేది, రెండుసార్లు మానేది.

ఆ జనవరిలో ఒక ఊళ్లో పని ముగించుకుని సాయంత్రం ఇద్దరం ట్రక్కు దగ్గరికొచ్చాం. ఊరి పేరు ఎందుకులెండి. తాళాలు లోపలున్నాయి. తమ్ముడు కోడ్ నొక్కాడు. పలకలేదు. మళ్లీ నొక్కాడు. ఈ యంత్రానికి ఒక జాగ్రత్త ఉంది. వరసగా ఏడు తప్పు కోడ్‌లు, అంటే 35 నొక్కులు, పడితే ఎవరో దొంగ వెతుకుతున్నాడని ఒక నిమిషంపాటు ఏ కోడ్ నొక్కినా పట్టించుకోదు. మా ట్రక్కు మమ్మల్ని దొంగలనుకుంది. ఎదురింటి కిటికీలోంచి చూసినవాళ్లెవరో కూడా అలాగే అనుకున్నారు. పోలీసు కారు వచ్చింది.

'ఎవరిది ఈ ట్రక్కు?'

'మాదే.'

'అయితే తెరవండి.'

గడ్డం ఉన్నవాడు మా తమ్ముడు. చేతులు కనపడేలా పెట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాక్టరీ కోడ్ కార్డు ఇంట్లో ఉంది. జేబులోంచి ఫోన్ తియ్యొచ్చా అని అడిగి, తీసి, అబ్బాకి చేశాం. అబ్బాకి కార్డు వెతకడానికి పట్టిన సమయమూ, ట్రక్కు అలిగిన నిమిషమూ సరిగ్గా కలిసొచ్చాయి. మా ఇంట్లో ఏ మాట ఎందులో నడిచినా లెక్క తెలుగులోనే నడుస్తుంది. అబ్బా చదువుకున్నది తెలుగు బడిలో. 'మూడూ... ఒకటీ...' అని ఒక్కోటీ చెబుతుంటే స్పీకర్లో వినపడుతోంది.

'ఏం భాష అది? అరబిక్కా?'

'తెలుగు.'

అతను ఆ మాట వినలేదెప్పుడూ. అరబిక్ అని ఉంటే అతనికి తేలికయ్యేదేమో. ఫోర్డ్ వాళ్ల ఊరు డియర్‌బోర్న్ నిండా అరబ్బులే కాబట్టి అదెక్కడిదో తెలిసుండేది. అదృష్టం, ఫ్యాక్టరీ కోడ్‌లో 7-8 లేదు. తలుపు తెరుచుకుంది. రిజిస్ట్రేషన్ కాగితం తీసిచ్చాం. షేక్ అని మొదలయ్యే పేరు నిదానంగా చదివి, మా మొహాలు చూసి, 'హ్యావ్ ఎ గుడ్ ఈవెనింగ్' అని వెళ్లిపోయాడు. అతను తిట్టలేదు, కొట్టలేదు. ఇంటికొచ్చేదాకా ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

ఆ ఆదివారం స్క్రాప్ యార్డుకి వెళ్లాం. మన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోలా అడిగితే తెచ్చివ్వరు. మన పనిముట్లు మనం పట్టుకెళ్లి, కావల్సిన సామాను మనమే విప్పుకోవాలి. అదే మోడల్ ట్రక్కు దొరికింది. దాని పట్టీ మీద అంకెలన్నీ తెల్లగా ఉన్నాయి.

బిగించడం కష్టమేం కాదు, ఓపిక కావాలి. అద్దం పైకెత్తి, బ్యాటరీ నెగెటివ్ తీగె తీసెయ్యాలి. లోపలివైపు పిడి వెనక దాక్కున్న స్క్రూలు విప్పి, తలుపు అట్టని పైకెత్తితే కొక్కేల్లోంచి వస్తుంది. గబుక్కున లాగకూడదు, అద్దాల స్విచ్చుల తీగెలు దానికి వేలాడుతుంటాయి. అట్ట కింద నల్లబంకతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. దాన్ని చింపితే వానకి తలుపులోంచి నీళ్లు క్యాబిన్‌లోకి దిగుతాయి. మూల మాత్రం ఒలిచి, చెయ్యి లోపలికి పెట్టి, తడిమి కనెక్టర్ ఊడదీసి, పాత పట్టీ తీసి కొత్తది కూర్చోబెట్టాలి. ఆ ఇరుకులో రేకు అంచు ముంజేతిని గీస్తుంది. గీసింది.

ఇంకొకళ్ల ట్రక్కు పట్టీ కదా, వాళ్ల కోడ్ దాంతోపాటు వచ్చేస్తుందేమోనని అమ్మీ భయం. రాదు. ఇలా తీగెతో కలిపే పట్టీలో కోడ్ ఉండదు, బండి లోపలి కంప్యూటర్లో ఉంటుంది. తమ్ముడు బ్యాటరీ తగిలించి 7, 8, 6, 0, 0 నొక్కాడు. ఏం చెప్పకుండానే తెరుచుకుంది.

ఆ రాత్రి అన్నం దగ్గర గొడవ. ఆపా మార్చేయమంది. అరుగుడు మళ్లీ మొదలవుతుందని ఒక కారణం చెప్పింది, రెండోది చెప్పలేదు. 'కనపడనిదానికి కూడా భయమేనా?' అన్నాడు తమ్ముడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. మేం మధ్యలో కూర్చున్నాం. ఇద్దరిదీ నిజమే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. అబ్బా చెయ్యి కడుక్కుని వచ్చి, 'మార్చండి. ఇన్నాళ్లూ బండి మీద రాసిపెట్టుకుని తిరిగాం' అన్నాడు. ఏ బండి అని ఎవరూ అడగలేదు.

అమ్మీ చెప్పిన అంకెలు పెట్టాం. అవేంటో ఇక్కడ రాయం. తొందరలో ఉంటే అబ్బా బొటనవేలు ఇప్పటికీ ముందు నాలుగో బటను మీదికే పోతుంది. తలుపు కదలదు. 'అది కాదు, కొత్తది!' అని అమ్మీ వంటింటి కిటికీలోంచి తెలుగులో అరుస్తుంది, వీధి వీధంతా వినపడేలా.