కిరండూల్‌లో హసన్ సాహెబ్ సన్నాయి

విశాఖపట్నం నుంచి పొద్దున్నే కదిలే కిరండూల్ ప్యాసింజర్‌లో చివరిదాకా వెళ్లేవాళ్లు తక్కువ. గుహలు చూసేవాళ్లు బొర్రాలో, చల్లగాలి కోసం వచ్చినవాళ్లు అరకులో దిగిపోతారు. కొరాపుట్, జైపూర్, జగ్దల్‌పూర్ దాటేసరికి పెట్టెలో మిగిలేది డ్యూటీకి పోయేవాళ్లు, ఇంటికి చేరేవాళ్లు. దంతెవాడ, బచేలీ కూడా అయిపోయాక, ఇక ముందుకు పట్టాలు లేని చోట ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వస్తుంది. పక్కనే బైలదిల్లా కొండ. ఇనుప ఖనిజం దుమ్ము పడని వస్తువు ఆ ఊళ్లో కనపడదు. స్టేషన్ గోడలు, చెట్ల ఆకులు, ఆరేసిన చొక్కాలు, వానకు పారే కాలవ, అన్నీ ఎరుపే.

ఈ గనుల కోసమే ఆ రైలుమార్గం వేశారు. 1960లలో జపాన్‌కు ఖనిజం పంపాలని కొత్తవలస నుంచి కొండల్ని తొలుచుకుంటూ పట్టాలు పరిచారు. 1968లో ఇక్కడి పద్నాలుగో డిపాజిట్‌లో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ తవ్వకం మొదలుపెట్టింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్, ఖనిజం దిగే రేవు విశాఖ. అందుకే మొదటి నుంచీ ఇక్కడ తెలుగు వినపడుతూనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం యాసలే ఎక్కువ. కృష్ణా, ఖమ్మం వైపు వాళ్లూ ఉన్నారు. నేను వెళ్లింది వాళ్లలో కొందరి కోసం. ఈ ఊళ్లో కొందరు పెద్దవాళ్లు సాయంత్రాలు కూర్చుంటే గోసవీడు షేక్ హసన్ సాహెబ్ సన్నాయి గురించే మాట్లాడుకుంటారని ఒక మిత్రుడు చెప్పాడు. ఆ మాట విన్నాక ఆగలేకపోయాను.

హసన్ సాహెబ్ పేరు ఎంతమందికి తెలుసు? అప్పటి కృష్ణా జిల్లా గంపలగూడెం దగ్గరి గోసవీడు ఆయన ఊరు. భద్రాచలం సీతారామచంద్రస్వామి గుడిలో ఆస్థాన విద్వాంసుడిగా ఏళ్ల తరబడి నాదస్వరం వాయించారు. 2021లో తొంభై దాటిన వయసులో కన్నుమూశారు. 2022 గణతంత్ర దినోత్సవానికి ప్రకటించిన పద్మశ్రీ జాబితాలో ఆయన పేరుంది, పక్కన ‘మరణానంతరం’ అని. బతికుండగా ఆ గౌరవం ఆయనకు దక్కలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కోస్తాలో కొన్ని ముస్లిం కుటుంబాల్లో నాదస్వరం తరతరాల విద్య. కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ ఆ పరంపరలోనివారే. ఆయన శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు, కచేరీ వేదికల మీద దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. కచేరీకి జనం వినడానికే వస్తారు. గుడి సన్నాయిని వినడానికని ఎవరూ రారు. దర్శనానికి వస్తారు, తలంబ్రాలకు వస్తారు, ప్రసాదానికి వస్తారు. సన్నాయి వాళ్ల చెవిన పడుతుంది, అంతే. ఒక విద్వాంసుడు జీవితంలో మేలైన కాలాన్ని అలాంటి శ్రోతల మధ్య గడిపితే, ఆయన గొప్పతనానికి సాక్ష్యం చెప్పేవాళ్లెవరు? కిరండూల్‌లో నాకు దొరికింది ఆ సాక్షులే.

కంపెనీ క్వార్టర్ల వరుసలో ఒక వరండా. ఇంటిపెద్ద షావెల్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. సొంతూరు తిరువూరు వైపు. పిల్లలు వేరే ఊళ్లలో ఉన్నారు, ఈయన బంధువుల ఈ ఇంట్లోనే ఉంటూ ఈ కొండ వదలలేకపోతున్నాడు. నేను వెళ్లేసరికి ఆయన భార్య, పక్క వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ, లోడింగ్ ప్లాంటులో చేసిన శ్రీకాకుళం పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. టీ వచ్చింది. నేను నోట్‌బుక్ తీయకముందే మాటలు మొదలయ్యాయి.

“భద్రాచలం మాకు దూరమేం కాదు బాబూ. సుక్మా, కుంట, చింతూరు మీదుగా దిగిపోయేవాళ్లం. సెలవు దొరికితే చాలు. రాములవారి పేరు చెప్పి లీవు పెట్టేవాణ్ని గానీ, సగం పుణ్యం ఆయన సన్నాయికే రాసుకోవాలి,” అన్నాడు ఆపరేటర్. 2005 తర్వాత అడవిలో గొడవలు ముదిరి ఆ దారిన ప్రయాణం కష్టమైపోయింది. ఆ ఏళ్ల మాట వచ్చినప్పుడు నలుగురూ చప్పున వేరే మాటలోకి వెళ్లిపోయారు. నేనూ గుచ్చి అడగలేదు.

ఆపరేటర్ వినే తీరు వేరు. షావెల్ మీద కూర్చున్నవాడికి చెవే ఆయుధమట. ఇంజను శబ్దంలో చిన్న తేడా వచ్చినా పసిగట్టాలి, లేకపోతే బకెట్‌తో పాటు షిఫ్టంతా పోతుంది. ఆ చెవితోనే ఆయన హసన్ సాహెబ్‌ని విన్నాడు. “ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడా అని కాచుకుని కూర్చునేవాణ్ని. పట్టుకోలేకపోయేవాణ్ని. స్వరం సాగుతూనే ఉండేది, మధ్యలో ఎక్కడో తీసేసుకునేవాడు.” స్టీలు గ్లాసు అంచును పెదాలకు ఆనించి బుగ్గలు ఎలా ఉండేవో చూపించాడు. పెదవి ఎంత బిగిస్తే స్వరం ఎంత పైకి పోతుందో, వేలు రంధ్రం మీద సగం జరిపితే గమకం ఎలా వంగుతుందో గ్లాసు మీదే వేళ్లు ఆడించి చెప్పాడు. నాదస్వరానికి మీటలు ఉండవు. రెండున్నర అడుగుల గొట్టం, ఏడు వేళ్ల రంధ్రాలు, కొసన చిన్న పీక. మిగతాదంతా పెదవి, ఊపిరి, వేళ్లు.

శ్రీకాకుళం పెద్దాయన తండ్రి గ్రామదేవతల పండగల్లో డోలు కొట్టేవాడు. అందుకని ఈయన దృష్టి ఎప్పుడూ డోలు మీదే. “ఏటి బాబూ, అందరూ సన్నాయంటారు గానీ, ఆయన డోలుకి దారి ఇచ్చీవోడు. వాడు తీర్మానం కొట్టి వచ్చీదాకా ఆగీవోడు. ఆ ఆగడంలోనే ఉంది పెద్దరికం.” టీచరమ్మ తలూపింది, కానీ ఒప్పుకోలేదు. ఆవిడ లెక్కలో హసన్ సాహెబ్‌ని వినాల్సింది శ్రీరామనవమి రోజున కాదు. ఆ రోజు మైకులు, మంత్రులు, లక్షల జనం. అభిజిత్ లగ్నంలో మాంగల్యధారణ వేళ గట్టిమేళం మోగితే ఎవరు వాయించినా ఒళ్లు పులకరిస్తుంది. రాత్రి పవళింపు వేళ, గుడిలో పట్టుమని పాతికమంది కూడా లేనప్పుడు నీలాంబరి వినాలి అంటుంది ఆవిడ. “స్వామిని నిద్ర పుచ్చాలి కదండీ. చిన్నగా వాయించాలి. అంత పెద్ద గొంతున్న వాయిద్యాన్ని అంత చిన్నగా పలికించడం, అదే కష్టం.” ఆపరేటర్‌కి నవమి గట్టిమేళమే ఇష్టం. ఈ వాదన ఎన్నాళ్లుగానో నడుస్తున్నట్టుంది. ఇద్దరికీ అవతలివాళ్ల మాట కంఠతా వచ్చు.

నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఇంటావిడది. టీ గ్లాసులు తీస్తూ చెప్పింది. “దర్శనం లైన్లో నుంచున్నానండి. సన్నాయి పక్కనే వాయిస్తున్నారు. లైను కదులుతోంది. కదిలితే వినపడదు. అందుకని నా వెనకవాళ్లని ముందుకి పంపించేశాను. అలా ఎంతమందిని పంపించానో. ఈయన లోపలికెళ్లి వెతుక్కుంటున్నారు, నేనేమో అక్కడే.” ఆ రాగం పేరేమిటో ఆవిడకు తెలియదు. అడిగితే, తెలుసుకోవాలని అనిపించలేదంది. ఒక కళాకారుడికి ఇంతకన్నా మంచి ప్రశంస నేను ఎక్కడా చదవలేదు.

రికార్డులు లేవా అని అడిగాను. ఆపరేటర్ పెదవి విరిచాడు. రేడియోలో నాదస్వరం ఎప్పుడు విన్నా ఏదో లోటు అంటాడు. కారణం ఉంది. అది ఆరుబయట వాయిద్యం. గోపురం దగ్గర ఊదితే నాలుగు వీధుల అవతల వినపడాలని చేసింది. మైకు ముందు కూర్చోబెడితే విద్వాంసుడు తనను తాను అదుపు చేసుకోవాలి, లేదా మైకు దూరంగా జరగాలి. రెండింట్లో ఏది జరిగినా కొంత పోతుంది. పైగా ఊరేగింపులో సన్నాయి నడుస్తుంది, వినేవాడూ నడుస్తాడు, మలుపు తిరిగితే మోత మారుతుంది. దాన్ని ఏ టేపు పట్టుకుంటుంది?

కాసేపటికి పక్క క్వార్టర్‌లో ఉండే కుర్ర ఇంజనీరు వచ్చాడు. జాజ్ అంటే ప్రాణం అతనికి. ఈ పెద్దవాళ్ల కబుర్లు వినీ వినీ తన ఫోనులో ఒకటి వినిపిస్తానని పట్టుబట్టాడు. కెన్నీ డోర్హామ్ అనే అమెరికన్ ట్రంపెట్ విద్వాంసుడు. టెక్సస్‌లో 1924లో పుట్టాడు, చార్లీ పార్కర్ పక్కన, ఆర్ట్ బ్లేకీ పక్కన వాయించాడు, 1972లో పోయాడు. జాజ్ అభిమానులు దక్కాల్సిన పేరు దక్కనివాళ్లను తలుచుకుంటే మొదట వచ్చే పేర్లలో అతనిది ఒకటి. ఇంజనీరు పెట్టింది 1956 మేలో న్యూయార్క్‌లోని కెఫే బొహీమియాలో జనం ముందు వాయించగా బ్లూ నోట్ కంపెనీ రికార్డు చేసింది. అరుపుల్లేవు, ఆర్భాటం లేదు. మెత్తగా, తొందర లేకుండా సాగే ట్రంపెట్.

ముగ్గురు పెద్దవాళ్లూ ఫోను చుట్టూ వంగి విన్నారు. శ్రీకాకుళం పెద్దాయన వేలితో కుర్చీ చెయ్యి మీద దరువు పట్టాడు. ఆపరేటర్ మధ్యలో చెయ్యెత్తి ఆపమన్నాడు. “జనం చప్పట్లు వినపడుతున్నాయి చూడు. ఎక్కడ నచ్చిందో అక్కడ కొడుతున్నారు. అదృష్టవంతుడు.” గుడి సన్నాయికి చప్పట్లు కొట్టరు. మంగళవాద్యం స్వామి కోసం, మధ్యలో మనం మెచ్చుకోవడమేమిటన్న మర్యాద అది. ఆ మర్యాదే విద్వాంసుడికి ఎంత లోటు చేసిందో ఆయన మాట విన్నాకే నాకు తెలిసింది. డోర్హామ్‌కి రావలసినంత పేరు రాకపోయినా, ఆ రాత్రి అతన్ని విన్నవాళ్ల చేతుల చప్పుడు మిగిలింది. హసన్ సాహెబ్‌ని విన్నవాళ్లు చేతులు జోడించారు. ఆ చప్పుడు ఏ టేపులోనూ ఉండదు.

మర్నాడు ఆపరేటర్ నన్ను బజారుకు తీసుకెళ్లాడు. దారిలో ఆదివాసుల పెళ్లి బృందం ఎదురైంది. ముందు మోహరి బాజా. మోహరి బస్తర్ సన్నాయి. గొట్టం పొట్టిది, గొంతు పదునైనది. పక్కన నిసాన్, తుడ్‌బుడీ అనే తాళవాద్యాలు మోగుతున్నాయి. బస్తర్‌లో ఒక్కో దేవతకు ఒక్కో వరస ఉంటుందని, మోహరి వాయించేవాడికి అవన్నీ రావాలని ఆయన చెప్పాడు. గుడిలో వేళకో రాగం ఉన్నట్టే కదా అన్నాడు. బృందం నీడలో ఆగింది. మోహరి మనిషి పీక తీసి నోట్లో తడుపుకుంటున్నాడు. తడిస్తేగానీ పీక రెండు రేకులూ కలిసి పలకవు. ఆపరేటర్ దగ్గరకెళ్లి హల్బీ భాషలో ఏదో అడిగాడు. అతను నవ్వి పీకను అరచేతిలో పెట్టి చూపించాడు. తాటాకు ముక్క, దారపు కట్టు, నెయ్యి జిడ్డు. ఇద్దరూ దాని మీద తలలు వంచి ఎంతసేపు మాట్లాడుకున్నారో! భద్రాచలంలో ఒక సాహెబ్ ఉండేవాడని, ఆయన పీక ఇంతకంటే వెడల్పని ఆపరేటర్ చెబుతున్నట్టు సైగల్ని బట్టి తెలిసింది. మోహరి మనిషి చివరికి ఒక ప్రశ్న అడిగాడు. ఏమన్నాడని నేనడిగితే, “ఆయన కొడుకులెవరైనా వాయిస్తున్నారా అని అడుగుతున్నాడు,” అన్నాడు.

నేను బయల్దేరే ముందు వరండాలో మళ్లీ అందరూ చేరారు. ఈసారి పని ఉంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి ఉత్తరం రాయాలి. హసన్ సాహెబ్ నాదస్వరం టేపులు ఏవైనా ఉంటే ప్రసారం చేయమని. టీచరమ్మ చేతిలో కలం. రాగం పేరు రాయాలా వద్దా అన్న దగ్గర ఆగిపోయింది వ్యవహారం. నీలాంబరి అని రాస్తానంది ఆవిడ. గట్టిమేళం వదిలేస్తే సంతకం పెట్టనన్నాడు ఆపరేటర్. డోలు ఎవరు కొట్టారో కూడా చెప్పమని రాయాల్సిందేనని శ్రీకాకుళం పెద్దాయన పట్టు. ఇంటావిడ లోపల్నుంచి కేకేసింది: “ఏది ఉంటే అది వెయ్యమని రాయండి, ముందు ఉత్తరం పోస్టులో పడాలి కదా!” టీచరమ్మ అదే రాసింది. ఆ కింద నీలాంబరి అని కూడా రాసింది, కాస్త చిన్న అక్షరాల్లో.