వేణ్ణీళ్ళ సాక్షి

మానవుడు వేడిని, చలిని తెలిసికొనుటకు మొదట నమ్ముకొన్నది తన చర్మమును. కాని చర్మము ఎల్లవేళల నిజమునే చెప్పునని తలంపరాదు. మూడు పాత్రలు తీసికొనుడు. ఒకదానిలో చన్నీటిని, వేరొకదానిలో ఓర్చుకొనదగిన వేడినీటిని, నడిమిదానిలో గోరువెచ్చని నీటిని పోయుడు. ఒక చేతిని చన్నీటను, రెండవ చేతిని వేడినీటను కొంతసేపుంచి, పిమ్మట రెండు చేతులను నడిమి పాత్రలో ముంచుడు. ఒక చేయి ‘ఈ నీరు వేడి’ యనును. రెండవ చేయి ‘ఈ నీరు చల్లన’ యనును. నీరు ఒక్కటే, సాక్ష్యములు మాత్రము రెండు. పదునేడవ శతాబ్దమున జాన్ లాక్ అను ఆంగ్ల తత్త్వవేత్త తన గ్రంథమున ఈ వింతను గూర్చి చర్చించెను. స్పర్శ ఇట్లు మోసపుచ్చును గనుకనే మానవునకు ఉష్ణమాపకము అవసరమైనది. అయితే యంత్రము చెప్పిన సాక్ష్యమునైనను పరీక్షింపక నమ్మవచ్చునా? ఈ ప్రశ్న నాకు ఒక గీజరు మూలమున ఎదురయ్యెను.

మా ఊరు కొల్లాపూరు. పూర్వము సురభి వంశపు రాజులు ఇచట నుండి తమ సంస్థానమును పాలించిరి. చిరకాలము మహబూబ్‌నగర్ జిల్లాలో నుండిన ఈ ఊరు, 2016వ సంవత్సరమున నూతనముగా ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరినది. కృష్ణానది ఊరికి చేరువలోనే ప్రవహించుచున్నది. నది కావల నల్లమల కొండలు కానవచ్చును. మామిడి తోటలకు మా ప్రాంతము పేరుపొందినది. ఇచటి వేసవి యెంత తీవ్రమైనదో మీలో పలువురెరుగుదురు. కాని పుష్యమాసపు తెల్లవారుజామున వీచు గాలి ఎముకలు కొరుకును. నా చిన్ననాట మా పెరటిలో మూడు రాళ్ళ పొయ్యిపై రాగి కాగు ఉండెడిది. మా అమ్మ ఎండిన మామిడి కొమ్మలతో దానిక్రింద మంట పెట్టి, నీటిలో వేలు ముంచి చూచి, “వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు” అనుచు తొట్టిలోని నీరు కలిపి మాకు స్నానము చేయించెడిది. ఇతరులు సామెతగా వాడు మాటను ఆమె నిత్యము పనిగా ఆచరించినది.

ఇప్పుడామెకు ఎనుబది ఏండ్లు దాటినవి. పొయ్యి ముందు కూర్చుండు ఓపిక లేదు. ముసలితనమున చర్మము పలుచబడును, స్పర్శజ్ఞానమును మందగించును. అందుచేత ఆమె కొరకు స్నానపు గదిలో గీజరు పెట్టించితిమి. అది 15 లీటర్ల నీరు పట్టునది. 2,000 వాట్ల శక్తి గలది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,186 జౌలుల శక్తి కావలెను. 20 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు చేరుటకు ఈ లెక్కన 21 నిమిషములు పట్టును. కొంతకాలము ఆ గీజరు అట్లే పనిచేసినది.

ఒక చలికాలపు ఉదయమున అది 37 నిమిషములు కాగి, తనంతట తానే ఆగిపోయెను. ముందరి పలకపై 44 అను అంకె వెలుగుచుండెను. నలుబదినాలుగు డిగ్రీల నీరు స్నానమునకు భయపడవలసినది కాదు. కాని కొళాయి త్రిప్పగానే బకెట్టు నుండి దట్టముగా పొగలు లేచినవి. అమ్మ చెంబు చేతబట్టి నిలుచున్నది. నేను ఆమెను వెనుకకు పిలిచితిని. 60 డిగ్రీల నీరు సుమారు 5 సెకనులు తగిలిన చాలును, చర్మము తీవ్రముగా కాలును. ఆనాడు మా బకెట్టులోని నీరు అంతకంటె ఎంతయో వేడిగా నుండెను.

“ఈ పెట్టె కంటె నా వేలే నయము గదరా!” అని అమ్మ నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు.

కరెంటు మిస్త్రీని పిలిపించితిని. అతడు పనితనము గలవాడు, మంచివాడు. మీటను నొక్కి గీజరును మరల నడిపించెను. మరునాడు అది మరల ఆగెను. అప్పుడతడు మూత విప్పి చూచి, “సారూ, కటౌటు చెడినది. మాటిమాటికి ఆపివేయుచున్నది. దానిని తీసి రెండు తీగలు కలిపినచో ఇక ఆగదు. పెద్దమ్మకు నీళ్ళకు ఇబ్బంది ఉండదు” అనెను.

కటౌటు అనగా నేమో మీకు చెప్పవలెను. గీజరులో వేడిని కనిపెట్టువారు ఇద్దరుందురు. ఒకటి ఉష్ణగ్రాహకము, అనగా సెన్సారు. నీరు ఎంత వేడెక్కినదో అది సర్క్యూటు బోర్డునకు తెలుపగా, బోర్డు తగిన సమయమున కరెంటును ఆపును. రెండవది కటౌటు. అది సాధారణముగా రెండు లోహములను అతికించిన చిన్న బిళ్ళ. వేడికి ఆ లోహములు సమానముగా వ్యాకోచింపవు గనుక, నీరు ప్రమాదకరముగా కాగినపుడు బిళ్ళ వంగి కరెంటు త్రోవను త్రెంచును. సెన్సారు ఏమి చెప్పినను దానికి పనిలేదు.

నేను, “తమ్మీ, ఆగిపోవుట దాని దోషమని ఎట్లు చెప్పగలము? అది ఆగినవేళ నీరు పొగలు కక్కుచున్నది కదా!” అని అడిగితిని. అతడు కొంతసేపు ఆలోచించి, “నిజమే సారూ. ఆగవలసిన వేళనే ఆగినది” అనెను. పనిచేసినవాడు నిందపడుచుండగా, అసలు దోషి మరియొకచోట దాగియున్నదని మాకప్పుడు తోచినది.

మెయిను స్విచ్చి ఆపి, కరెంటు లేదని పరీక్షించుకొని, మిస్త్రీ సెన్సారును వెలికి తీసెను. అది బియ్యపుగింజకంటె కొంచెము పెద్దది. దానిని థర్మిస్టరు అందురు. సాధారణముగా లోహపు తీగ వేడెక్కినకొలది కరెంటును ఎక్కువగా నిరోధించును. ఈ థర్మిస్టరు దానికి విరుద్ధము. వేడెక్కినకొలది దీని నిరోధము తగ్గును. ఇట్టి గుణమును 1833వ సంవత్సరమున మైకేల్ ఫారడే వెండి సల్ఫైడునందు గుర్తించెను. మా గీజరులోని థర్మిస్టరు 25 డిగ్రీలకడ 10 కిలో ఓములు, 50 డిగ్రీలకడ దాదాపు 3.6 కిలో ఓములు, 60 డిగ్రీలకడ 2.5 కిలో ఓములు చూపవలసిన రకము.

గ్లాసులో నీరు పోసి, అందులో సెన్సారును, గాజు ఉష్ణమాపకమును ప్రక్కప్రక్కన ఉంచితిమి. సెన్సారు తీగలకు మల్టీమీటరును తగిలించితిమి. 25 డిగ్రీలకడ 10 వచ్చెను. వేడినీరు కలిపి 50 డిగ్రీలు చేసినపుడు 3.6 వచ్చెను. సెన్సారు నిర్దోషి! మరి తప్పు ఎక్కడ? మిస్త్రీ ఈసారి బోర్డువద్దకు చేరు కొసనుండి కొలిచెను. ఏ వేడికైనను అంకె 3.5 కిలో ఓములు ఎక్కువగా కానవచ్చెను. తీగను కదల్చినచో అంకెయు కదలెను. నడుమనున్న కనెక్టరును విప్పగా, తేమ చేరి పిన్నులకు పచ్చని చిలుము పట్టియుండెను.

దానితో అన్నియు లెక్కకు వచ్చినవి. నీరు 60 డిగ్రీలకు చేరినపుడు సెన్సారు 2.5 కిలో ఓములతో నిజమే చెప్పెను. చిలుము తన 3.5ను దానికి చేర్చెను. బోర్డునకు చేరినది 6 కిలో ఓములు. దాని లెక్కలో అది 37 డిగ్రీలు. నీరింకను చాలినంత వేడెక్కలేదని బోర్డు కాచుచునే యుండెను. నీరు సలసల మరిగినను, దానికి చేరు వార్త 46 డిగ్రీలను దాటదు. తాను ఎదురుచూచు 60 ఎన్నటికిని రాదు. మిస్త్రీ చెప్పినట్లు కటౌటును తొలగించియున్నచో, ఆ ఇనుప పాత్రలో నీరు ఆగకుండ మరిగెడిది. ఆవిరి ఒత్తిడిని విడుచుటకు కవాటమొకటి కలదు. అదియు సున్నపు పెంకుతో మూసికొనినచో, పాత్ర పగిలిపోవచ్చును.

కొత్త కనెక్టరు వేసి, తేమ తగులకుండ తొడుగు బిగించితిమి. మరునాటి ఉదయము గీజరు తగిన వేళకే ఆగెను. పలకపైని అంకెకును, గాజు ఉష్ణమాపకమునకును సరిపోయెను. మిస్త్రీ కూలి తీసికొని కొంచెముసేపు గడపలోనే నిలుచుండెను. “సారూ, మొన్న ఒక ఇంట నేనట్లే తీగలు కలిపి వచ్చితిని. ఆ ఇంట పసిపిల్లలున్నారు. ఇప్పుడే పోయి విడదీసి వచ్చెదను” అని చెప్పి, ఆ సంచితోనే సైకిలెక్కెను. ఆనాడు నా మనస్సునకు అన్నిటికంటె ఆనందము కలిగించినది ఆ మాటయే.

విద్యార్థులారా! మీరు గీజరు మూత విప్పవలదు. కరెంటును, నీరును కలిసిన చోట శిక్షణ లేని చేయి పెట్టుట ప్రాణాంతకము. కాని చూచుటకు, అడుగుటకు మిమ్మెవ్వరును ఆపరు. మీ ఇంటి గీజరు చూపు అంకెకును బకెట్టులోని నీటికిని పొంతన లేనిచో, స్విచ్చి ఆపి పెద్దలకు చెప్పుడు. మాటిమాటికి ఆగిపోవుచున్నదని రక్షక సాధనమును ఎవరైనను తొలగింపబోయినచో, “అది ఎందుకు ఆగినది?” అని వినయముగా ప్రశ్నింపుడు. ఒక వార్త తప్పని తోచినపుడు, చెప్పినవానిని నిందించుటకు ముందు ఆ వార్త వచ్చిన త్రోవను వెదకి చూడుడు. ఆ వెదకుటకు మాకు పట్టినది ఒక పూట. వెదకనిచో ఆ కష్టమును అనుభవించెడిది, ఏమియు ఎరుగక చెంబు చేతబట్టి నిలుచున్న మా అమ్మ.