అమ్మ అడిగిన సంతకం

మా అమ్మా నేనూ మాట్లాడుకుంటూనే ఉంటాం. కానీ మునుపటిలా కాదు. "తిన్నారా? పిల్లలు బాగున్నారా? వానలు పడ్డాయా?" ఈ మూడూ అయిపోయాక ఇద్దరికీ మాటలు దొరకవు. ఆస్తి దగ్గర తల్లికీ కూతురికీ ఎడం వచ్చిన ఇళ్ళు చాలానే ఉంటాయి. పరువు తక్కువని ఎవరూ పైకి చెప్పుకోరు, అంతే.

నాన్న పోయి మూడేళ్ళయింది. సంవత్సరీకాలు అయిన కొన్నాళ్ళకి అమ్మ ఫోన్ చేసింది. "తాతగారి పొలం తమ్ముడి పేర పెట్టాలి. రిజిస్ట్రార్ ఆఫీసుకొచ్చి ఓ సంతకం పెట్టి వెళ్ళవే" అంది. పెట్టనన్నాను. "కట్నం ఇచ్చి పంపాం కదే, ఇంకేం కావాలి నీకు?" అంది. అప్పట్నుంచీ ఇంతే.

నేను కొత్తగా కోరిందేమీ లేదు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వమే చట్టం తెచ్చి, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమానవాటా ఇచ్చింది. 2005లో దేశమంతటా, పెళ్ళయినవాళ్ళకి కూడా ఆ హక్కు వచ్చింది. ఆ ఏడాది నాటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది మన ఇళ్ళలోకి వచ్చేసరికి "ఆశపోతు కూతురు" అయిపోతుంది.

కోపం తగ్గాక అమ్మ వైపు నుంచి ఆలోచించాను. పుట్టింటి నుంచి ఆవిడకి పండక్కో చీర తప్ప సెంటు భూమి రాలేదు. అడగలేదు కూడా. అడగకపోవడమే మంచితనమని అరవై ఏళ్ళు నమ్మిన మనిషికి, నేను కాదనడం తన బతుకునే తప్పుపట్టినట్టు అనిపించి ఉంటుంది. దానికి తోడు భయం. ఉంటున్నది కొడుకింట్లో. రేపు మంచాన పడితే మంచినీళ్ళిచ్చేది కోడలే. కూతురి పక్షం మాట్లాడితే ఆ కంచంలో అన్నం ఎలా దిగుతుంది? ఆవిడ అడిగింది నా సంతకమే అయినా, అందులో తన ముసలితనానికి భరోసా చూసుకుంది.

అది అర్థమయ్యాక కూడా సంతకం పెట్టలేదు. నాకూ ఒక కూతురుంది. ఇవాళ నేను వదిలేస్తే రేపు అది కూడా అడక్కుండా ఉండటమే నేర్చుకుంటుంది. కానీ తమ్ముడితో ఒక మాట చెప్పాను. "నా వాటా నా పేరునే ఉంటుంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ దాని కౌలు అమ్మ బ్యాంకు ఖాతాలో వెయ్యి. నాకు రూపాయి వద్దు." అమ్మానాన్నల్ని చూసుకోవాల్సిన బాధ్యత కూతురికీ ఉందని 2007 చట్టం చెబుతోంది. వాటా కావాలన్నప్పుడు అదీ నాదే కదా!

వాడు నెల రోజులు ముభావంగా ఉండి, సరేనన్నాడు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు.

నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను, అటునుంచి రాకపోయినా. పొలం మాట ఫోన్‌లో ఎత్తను. మరదలి మీద అమ్మతో ఒక్క మాట అనను. అన్నిటికన్నా ముఖ్యంగా, నా పిల్లల ముందు అమ్మమ్మని తక్కువ చేసి మాట్లాడను. వాళ్ళకి ఆవిడ చేతి సున్నుండలే గుర్తుండాలి, మా తగాదా కాదు.

మొన్న సంక్రాంతికి కౌలు డబ్బు పడింది. అందులోంచి అమ్మ తన కళ్ళజోడు మార్పించుకుందట, ఎవర్నీ అడక్కుండా. ఆ సంగతి నాకు మరదలే చెప్పింది. అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఈమధ్య ఆ మూడు ప్రశ్నలూ అయ్యాక వెంటనే ఫోన్ పెట్టెయ్యడం లేదు. "ఇంకేంటే?" అంటోంది.

ప్రస్తుతానికి నాకది చాలు.