డ్రైను అను క్రియ

ఇంగ్లీషు భాషలో 'డ్రైను' అను మాట యొకటి కలదు. మన గోదావరి మండలమున అక్షరము రాని కాపు సైతము దానిని దినమునకు నాలుగు మారులు పలుకును. అయితే అతనికది నామవాచకము. మురుగు పాఱు కాలువ. ఇంగ్లీషున నది మొదట క్రియ. క్రియ పుట్టిన చాలకాలమునకు గాని కాలువకు ఆ పేరు రాలేదు. క్రియను విడిచి నామమును మాత్రము తెచ్చుకొనుటవలన మనకేమి నష్టము కలిగినదో విచారింపవలెనని ఈ చిన్న వ్యాసమును వ్రాయుచున్నాము. సంస్కృతమును ఇంగ్లీషును చదివి బడిపిల్లలకు పాఠములు చెప్పుకొను మావంటివారికి మాటల పుట్టుపూర్వోత్తరములు వెదకుట యొక వ్యసనము. ఆ వ్యసనము ఈ మారు మమ్ము కొల్లేటి గట్టునకు కొనిపోయినది.

ప్రాచీనాంగ్లమున ఈ క్రియకు వడియగట్టుట యని యర్థము. వేయేండ్లనాటి ఇంగ్లీషు సువార్తలో దోమను వడియగట్టుట ప్రస్తావింపబడినచోట ఈ క్రియయే కానవచ్చును. తడి లేకపోవుటను తెలుపు 'డ్రై', అనావృష్టిని తెలుపు 'డ్రౌట్' అను మాటలు దీనికి జ్ఞాతులు. ద్రవము మెల్లమెల్లగా జాఱిపోయి, మిగిలిన వస్తువు ఆరుట దీని మూలభావము. పాత్రనుండి పొలమునకును, పొలమునుండి దేహమునకును, దేహమునుండి ధనమునకును ఆ భావము ప్రాకినది. చేనినుండి నీరు తీయుటయు, రోగి బలము తఱుగుటయు, బొక్కసము వట్టిపోవుటయు నేడు ఇంగ్లీషువారికి ఒక్క క్రియయే.

దీని పర్యాయపదములును చూడదగినవి. 'ఫిల్టరు' అను మాట ఉన్నిని అదిమి చేసిన దళసరి బట్టనుండి పుట్టినది. పూర్వులు దానితో ద్రవములను వడియగట్టిరి. 'ఎగ్జాస్ట్' అనగా లాటినున నీరు బయటికి తోడివేయుట. 'శాప్' అనునది కోటగోడల క్రింద గుల్లగా త్రవ్వు గునపమునుండి వచ్చినది. 'ఎంప్టీ' అను మాటకు మొదటి యర్థము తీరిక. మనవారును తీరికగా నున్నపుడు 'ఖాళీగా ఉన్నాను' అనుట వినువారికి ఇది వింతగా తోపదు. ఈ మాటలన్నియు నొక్క యర్థమునే చెప్పునవని బాలురు వల్లించుచుందురు. కాని యొకదానిలో బట్టయు, ఒకదానిలో చేదయు, ఒకదానిలో గునపమును దాగియున్నవి.

సంస్కృతమున దీనికి సమీపమైనది శుష్ ధాతువు. మాడ్చి యెండించుటను తెలుపు ఇంగ్లీషు 'సియర్' దీనికి దూరపు బంధువు. ఆ ధాతువునుండి పుట్టిన శోషణమను మాటకు హిందీలో నేడు దోపిడి యని యర్థము. తడి తీయుటకును సారము పీల్చుటకును నడుమ దూరము స్వల్పమని ఈ భాషలు వేర్వేరుగా కనుగొనినవి. మన దేశపు సంపద ఏటేట ఇంగ్లండునకు తరలిపోవుటకు దాదాభాయి నౌరోజీ 'డ్రైను' అనియే పేరు పెట్టెను. 1901లో అచ్చయిన ఆయన గ్రంథము 'పావర్టీ అండ్ అన్‌బ్రిటిష్ రూల్ ఇన్ ఇండియా' ఆ వాదమునకు ఆకరము. పన్ను హెచ్చుగా నున్నదని మాత్రమే ఆయన మొఱపెట్టలేదు. ఆ ధనము ఎటు పోవుచున్నదని అడిగెను. ఈ క్రియ వినబడినప్పుడెల్ల అడుగవలసిన ప్రశ్న అదియే.

మన తెలుగు ఈ విషయమున బీదది కాదు. నీరు నేలలోనికి ఇంకును; పొయ్యిమీద ఇగురును; బట్టగుండ వడియును; ఎండకు ఆవిరియగును. నూతిని తోడుదుము, చేనిలో నీరు తీయుదుము. వీనియన్నింటికంటె మాకు ప్రియమైన క్రియ వార్చుట. మా తల్లిగారు అన్నము వార్చునపుడు గిన్నెమీద మూత నదిమిపట్టి వంచెడివారు; క్రింద గంజికి మఱియొక గిన్నె సిద్ధముగా నుండెడిది. ఆ గంజిలో ఉప్పువేసి కొంత పిల్లలకిచ్చెడివారు. కొంత పంచెలకు పెట్టెడివారు. మిగిలినది గేదె కుడితిలో కలియును. గంజికి చోటు చూపనిదే వార్చుట మొదలుపెట్టు ఇల్లాలు లేదు. 'డ్రైను' అను క్రియకు మన వంటయింటిలోనున్న అచ్చమైన తెలుగు ఇదియే.

ఈ వివేకము వంటయింటినుండి ఊరిలోనికి రాలేదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. నీరు తెచ్చుట నేర్చిన పిమ్మట నీరు తీయుట నేర్వవలసి వచ్చెను. అది న్యాయమే, మురుగు తీయనిచో వరి కుళ్ళును, జ్వరములు ప్రబలును. డ్రైనులు వలదని మేమనుటలేదు. తాడేపల్లిగూడెపు ప్రాంతమున నందమూరు అక్విడక్టును చూడుడు. పైన గోదావరి కాలువ పాఱును. క్రింద ఎఱ్ఱకాలువ పాఱును. మెట్టసీమ వానలను మోసికొనివచ్చు ఆ ఏరు అక్విడక్టు దాటినంతనే యనమదుర్రు డ్రైను అగును. నీరు మాఱలేదు, పేరు మాఱినది. ఏటిలో చెత్త వేయుటకు జంకెడు చేయి డ్రైనులో వేయుటకు జంకదు. భీమవరము చేరునప్పటికి ఆ నీరెట్లుండునో ఆ ప్రాంతమువారి కెల్లరకు తెలియును.

మా తరగతిలో కొల్లేటి లంకనుండి వచ్చి చదువుకొను బాలిక యొకతె కలదు. ఒకనాడు ఈ క్రియకు తెలుగు వ్రాయుడని చెప్పితిమి. ఏలూరి పిల్లలు నిఘంటువు ననుసరించి 'ఖాళీచేయు' అనియు 'నీరు తీయు' అనియు వ్రాసిరి. ఆ బాలిక 'మా ఊరికి పంపు' అని వ్రాసెను. తోడిపిల్లలు నవ్విరి. ఏల యట్లు వ్రాసితివని యడిగితిమి. "పట్నం డ్రైన్లన్నీ చివరికి మా నీళ్ళలోకే వస్తాయి కదండీ మాస్టారూ. చుట్టూ నీళ్ళున్నా మేము తాగే నీళ్ళు కొనుక్కుంటామండీ" అని యామె చెప్పెను. నవ్వు ఆగిపోయినది. ఏ నిఘంటుకర్తయు చెప్పని యర్థమును ఆ పిల్ల చెప్పినందున పూర్తి మార్కులు వేసితిమి.

ఆమె చెప్పినది భూగోళము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నున్న కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగునవియు, ఎన్నియో మురుగుకాలువలును దిగును. బయటికి పోవుటకు త్రోవ ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరును. ఆ ఉప్పుటేటిని గూర్చి జనశ్రుతి యొకటి కలదు. కొల్లేటికోటను పట్టుటకై సరస్సును ఎండగట్టదలచి కాలువ త్రవ్వించిరనియు, అందులకు సేనాని యొకడు కన్నకూతురిని బలియిచ్చెననియు, ఆ కాలువకు పేరంటాల కనుమ యని పేరు వచ్చెననియు చెప్పుదురు. ఇది చరిత్రయగునో కాదో కాని, సరస్సును ఎండించుటకు ఎవరో యొకరి బిడ్డ మూల్యముగా పోవునని మన పెద్దలు ఎఱుగుదురు.

1970వ దశాబ్దమునుండి సరస్సు పడకలో చేపల చెఱువులు వెలసినవి. మొదట బెస్తల సహకార సంఘములకని యిచ్చినవి కాలక్రమమున ధనవంతుల చేతులలోనికి పోయినవి. 1999లో ప్రభుత్వము 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో అది రామ్‌సర్ పట్టికలో చేరెను. 2006లో అక్రమపు గట్లను కొట్టించిరి. గట్లు తెగినపుడు కూలివారి కూడును తెగినది. గట్లున్నపుడు వరద నిలువుటకు చోటు లేకుండెను. ఇరువైపులను నష్టపడినది లంకల పేదలే.

బుడమేటి సంగతి మఱియు స్పష్టము. దానిని వట్టి మురుగుకాలువగా నెంచి దాని త్రోవలోనే ఇండ్లు కట్టుకొనిరి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో అది తాను ఏరునని జ్ఞాపకము చేసెను. విజయవాడలో సింగునగరు మున్నగు పేటలు దినముల తరబడి నీట నిలిచినవి. ఆ నీరంతయు పిదప దిగవలసినది కొల్లేటిలోనికే.

వ్యాకరణమున వియోగమునకు అవధియైనదానిని అపాదానమందురు. 'డ్రైను' అను క్రియకు మనము అపాదానమును మాత్రమే చూచుచున్నాము: నా పెరటినుండి, నా వీధినుండి, నా చేనినుండి. చేరుచోటును వాక్యమునుండి తొలగించితిమి. ఇంగ్లీషు మాటను వెళ్ళగొట్టుడని మేము కోరము. అది మన నోట స్థిరపడినది. దాని వాక్యమును పూర్తిచేయుడని మాత్రము కోరుచున్నాము. ఉపాధ్యాయులు ఈ క్రియను చెప్పునపుడు 'ఎక్కడికి?' అని పిల్లలచేత అడిగింపవలెను. గృహిణులు పెరటి తూములో నూనెయు మందునీళ్ళును పోయుటకు ముందు గంజిగిన్నెను తలచుకొనవలెను. పురపాలకులు మురుగును శుద్ధిచేయు యంత్రములకు ద్రవ్యము లేదన్నప్పుడు పౌరులు ఆ ప్రశ్ననే సభలో అడుగవలెను. వార్చువాడు గిన్నె పెట్టవలెనన్నది మన యిండ్లలో ఎన్నడో స్థిరపడిన ధర్మము; దానిని వీధిగుమ్మము దాటించుటయే మిగిలినది.