చెనిక్కాయల సీమలో మంచినూనె

అనంతపురం నుంచి ముదిగుబ్బ మీదుగా కదిరికి బస్సులో వెళుతుంటే దారి పొడవునా ఎర్రనేలలు, రాళ్లగుట్టలు. వానలు కరుణించిన ఏడాదైతే అక్టోబరు, నవంబరుల్లో పొలాల్లో పెరికిన చెనిక్కాయ కట్టె కుప్పలు కుప్పలుగా ఉంటుంది. పుస్తకాల్లో వేరుశనగ అని రాసినా ఇక్కడ దాని పేరు చెనిక్కాయే. 2000 దశకంలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఈ పంట 20 లక్షల ఎకరాలకు అటూ ఇటూగా సాగయ్యేది. కరవు దెబ్బలకు ఆ విస్తీర్ణం బాగా తగ్గింది. అయినా సీమ వంటింట్లో చెనిక్కాయ పెద్దరికం తగ్గలేదు. సంగట్లోకి ఊరిమిండి అయినా, ఉగ్గానిలోకి పొడి అయినా అది పడాల్సిందే.

2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చిన కదిరి... నరసింహస్వామి గుడికీ మల్లెపూలకూ పేరున్న ఊరు. రైతులకు మాత్రం కదిరి అంటే విత్తనం. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-3, కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు ఎన్నో ఊళ్ల పొలాల్లోకి చేరాయి. గింజ బరువులో దాదాపు సగం నూనే!

విచిత్రమేమిటంటే ఇంత నూనె పండే నేల మీద కూడా కిరాణా కొట్టు ముందు వేలాడేవి పామోలిన్, పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్లే. కారణం తెలియంది కాదు, ధర. 2013 ఉగాదికి మొదలైన అమ్మహస్తం పథకంలో 185 రూపాయలకు 9 సరుకులిస్తే అందులో లీటరు పామోలిన్ కూడా ఉండేది. చౌకగా దొరికేదానికి నాలుక అలవాటు పడటానికి ఎంతసేపు?

ఇప్పుడు గాలి మళ్లీ గానుగ వైపు తిరిగింది. ఎద్దుల బదులు కరెంటు మోటారు. రోకలి నెమ్మదిగా తిరుగుతుంటే గింజ నలిగి నూనె ఊరుతుంది. పెద్దగా వేడెక్కదు కాబట్టి వాసన, రంగు, విటమిన్‌-ఇ చాలావరకు నిలుస్తాయి. సుమారు రెండున్నర కిలోల పప్పు ఆడితే లీటరు నూనె. అందుకే ధర పామోలిన్‌కు రెండింతలు దాటుతుంది. మరి అంత పెట్టి కొనాలా?

ఆరోగ్యం మాటకొస్తే చెనిక్కాయ నూనె మంచిదే. ఇందులో దాదాపు సగం గుండెకు మేలు చేసే ఏక అసంతృప్త కొవ్వు. సంతృప్త కొవ్వు అయిదో వంతుకు మించదు. పామాయిల్లో అది సగం దాకా ఉంటుంది. కాకపోతే చెనిక్కాయ నూనెలో ఒమేగా-3 లేనట్టే. అది కావాలంటే ఆవనూనో సోయానూనో పక్కన ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఒకే నూనెను పట్టుకుని వేలాడకుండా మార్చి మార్చి వాడమనేది ఇందుకే. ప్యాకెట్ల మీద మెరిసే ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాటకు మాత్రం మురిసిపోనక్కర్లేదు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత ఉండదు.

గానుగ నూనె అనగానే కళ్లు మూసుకుని నమ్మడమూ తప్పే. బూజు పట్టిన చెనిక్కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, కాలేయానికి చేటు. శుద్ధి చేసిన నూనెలో అది చాలావరకు పోతుంది. గానుగ నూనెలో వడగట్టడం తప్ప మరో శుద్ధి లేదు. పాడైన గింజ వేస్తే ఆ విషం నూనెలోకి దిగుతుంది. కాబట్టి చూడాల్సింది సీసాను కాదు, గింజను. పప్పు తామే కొని, ముడుచుకుపోయినవీ రంగు మారినవీ చేదెక్కినవీ ఏరేసి, ఎదురుగా నిలబడి ఆడించుకునే ఇల్లాళ్ల పద్ధతే అన్నిటికన్నా నికరం. వీలుకాకపోతే నమ్మకమైన శుద్ధి నూనె వాడినా తప్పులేదు.

ఇక ఎంత వాడాలన్నది. గానుగదైనా ప్యాకెట్‌దైనా గ్రాము నూనెకు 9 కేలరీలే. 2,000 కేలరీల భోజనంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 27 గ్రాములు చాలని పోషకాహార సంస్థ లెక్క. అంటే నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. నెయ్యి వేసుకుంటే ఆ మేరకు ఇంకా తక్కువ. అయిదు లీటర్లు కొనే ఇల్లు మూడున్నరకు దిగితే మిగిలే డబ్బు ఖరీదైన నూనెకు కొంతైనా ఆసరా.

మరిగిన నూనె సంగతీ ఉంది. ఉగ్గానితో మిరపకాయ బజ్జీ లేకపోతే సీమవాసికి తెల్లారదు. ఆ బాణలిలో పొద్దుటి నూనే సాయంత్రమూ కాగుతుంటే ఏ నూనె పోసినా ఒకటే. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాలని 2018 జులై నుంచి నిబంధన ఉంది. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు కాబట్టి నల్లబడినా, జిగురుగా మారినా, నురగ కట్టినా తీసేయాలి.

గానుగ నుంచి తెచ్చిన నూనెను రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగున దిగుతుంది. పైన తేరిన నూనెను స్టీలు డబ్బాలోకి వంచుకుని, వెలుతురు తగలకుండా పెట్టుకోవాలి. శుద్ధి నూనె కన్నా త్వరగా కనరు వాసన వస్తుంది కాబట్టి నెలకు సరిపడానే ఆడించుకోవడం మేలు. చెక్క అక్కర్లేనివాళ్లు దాన్ని గానుగ దగ్గరే వదిలేసి ఆడించిన కూలిలో తగ్గించుకుంటారు. ఇంట్లో గేదె ఉన్నవాళ్లు మాత్రం సంచి విప్పి, చివరి పలుకు దాకా దులిపి మరీ పట్టుకెళతారు.