నాన్నగారి చుక్కలు

తెలుగులో ఎం.ఏ. చదివినవాడికి కంప్యూటర్ల సంగతి మాట్లాడే అధికారం ఉందా అని మీరు అడిగితే, లేదనే చెబుతాను. మా ఆవిడా ఆ మాటే చెబుతుంది, కాకపోతే ఇంకాస్త గట్టిగా. అయినా మొన్న ఆదివారంనాడు మాదాపూర్‌లో ఒక గదిలో కూర్చుని, "ఒరే, ఇందులో శ్రీకారం కనబడుతోందిరా!" అని నేను కేక వెయ్యకపోతే మా ఇంటి ఆస్తి ఒకటి గాలిలో కలిసిపోయేదే. ఆ వైనం వినండి.

మా నాయనమ్మకు చదువు రాదు గాని పాటలు మాత్రం కొల్లలుగా వచ్చు. రోకటి పాటలు, అప్పగింతల పాటలు, సీతమ్మవారి కష్టాలు. ఆవిడ పాడుతూ ఉంటే మా నాన్నగారు పక్కన కూర్చుని ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. 96 పేజీలు, చీమలబారులాంటి సన్నరాత. ఒక సాహిత్య సంస్థవారు దాన్ని తీసుకెళ్లి, పేజీ పేజీకీ ఫోటో తీసి తమ వెబ్‌సైటులో పెట్టి, పుస్తకం భద్రంగా తిరిగి ఇచ్చారు. వాళ్లు భద్రంగానే ఇచ్చారు. దాచుకోవడం మాకే చేతకాలేదు. 2020 అక్టోబరు వానలకు ఉప్పల్ దగ్గర మా కింది గదిలోకి నీళ్లు వచ్చాయి. సిరా రాత కదండీ! పుస్తకం మిగిలింది, రాత పోయింది.

ఫోటోలు ఉన్నాయి కదా అని గుండె చిక్కబట్టుకున్నాను. తీరా మొన్న ఆ సంస్థ కార్యదర్శిగారు ఫోను చేసి, "మాస్టారూ, నెలాఖరుకి సైటు మూసేస్తున్నాం. దాన్ని కట్టిన కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలీదు. అసలు ఫోటోలు మా దగ్గరా లేవు. మీది మీరు ఎలా తీసుకోగలిగితే అలా తీసుకోండి" అన్నారు. నెలాఖరుకి నాలుగే రోజులు. తెరమీద కనబడేదాన్నే ఫోటో తీద్దామంటే, ఆ సైటు పేజీని కుదించి చూపిస్తుంది. నాన్నగారి చీమలు మరీ నలుసులైపోతున్నాయి.

మా అక్క కొడుకు మాదాపూర్‌లో ఉద్యోగం. 1998లో వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో, ఆ గుండ్రటి మేడను చూడడానికి స్నేహితులతో బస్సెక్కి బండరాళ్ల మధ్య పడి వెళ్లినవాణ్ణి నేను. ఇప్పుడు ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే, మారే పని లేకుండా హైటెక్ సిటీలో దింపుతుంది.

"దానికేం మావయ్యా! నా దగ్గర ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంది" అన్నాడు వాడు. అది బ్రౌజరుకు తగిలించే చిన్న పనిముట్టు. మనం తెరమీద చూసేది పెళ్లి పందిరైతే, ఇది వెనక వంటశాలలోకి తెరిచిన కిటికీ. బ్రౌజరు ఏమడిగింది, అవతలి కంప్యూటరు ఏం పంపింది, అన్నీ పట్టి దాస్తుంది. ఆఫీసులో తప్పులు వెతకడానికి వాడే తయారు చేసుకున్నాడట.

అయిదు నిమిషాల్లో 96 ఫైళ్లు దిగాయి. కాఫీ తాగి, ఇంటికి ఫోను చేసి, పని పూర్తయిందని గొప్పగా చెప్పాను.

"ఒకటి తెరిచి చూశారా?" అంది మా ఆవిడ.

"ఎందుకూ? లెక్క సరిపోయిందిగా!"

"పిల్లను చూడకుండానే తాంబూలాలు పుచ్చుకుంటారన్నమాట."

తెరిచాం. ఒక్కటీ తెరుచుకోలేదు. లోపల ఏముందా అని బలవంతంగా విప్పి చూస్తే, నల్లని డైమండు గుర్తుల్లో తెల్లని ప్రశ్నార్థకాలు, బారులు తీరి!

మావాడి ముఖం పాలిపోయింది. ఆఫీసులో వాడికి వచ్చేదంతా అక్షరాలేనట. అంచేత ఏది వచ్చినా అక్షరాలుగానే చదవమని ఆ పనిముట్టుకు నేర్పాడు. బొమ్మ అక్షరాలు కాదు. 0 నుంచి 255 వరకూ ఉండే అంకెల వరస. అక్షరాలకు యూటీఎఫ్-8 అని ఒక కట్టుబాటు ఉంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు ఏర్పరిచారు. మన "అ" కూడా అందులో మూడు అంకెలుగా ఒదుగుతుంది. కాని ఆ కట్టుబాటులో 255కు ఎక్కడా చోటు లేదు. జేపెగ్ బొమ్మ మొదలయ్యేదేమో సరిగ్గా 255తో! ఇక గడపలోనే తిప్పలు. చదవలేని చోటల్లా ఆ ప్రశ్నార్థకం గుర్తు పెట్టేసింది. పోయిన అంకె ఏదైనా గుర్తు మాత్రం ఒకటే. కనక వెనక్కి రాబట్టే ఉపాయం లేదు. పైగా ఒక్కొక్క గుర్తుకు మూడేసి అంకెలు పట్టి ఫైళ్లు లావెక్కాయి కూడా.

అదృష్టం బాగుండి సైటు ఇంకా బతికే ఉంది. వచ్చిన సరుకును బ్రౌజరు చేతిమీదుగానే పుచ్చుకునే దారి ఉందన్నాడు. మావాడు పనిముట్టును సవరించి మళ్లీ దించాడు. ఈసారి ప్రశ్నార్థకాలు లేవు గాని, బొమ్మలూ లేవు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలగాపులగంగా, పేజీలకు పేజీలు. "మళ్లీ పాడయింది" అని వాడు తల పట్టుకున్నాడు.

నాకు ఊసుపోక ఒక్కొక్కటే చూస్తున్నాను. మొదటి ఫైలు మొదట్లో ఏటవాలు గీత, తొమ్మిది, చిన్న జె, మళ్లీ గీత. రెండోదీ అంతే. పదోదీ అంతే. పాత పుస్తకాలు శ్రీకారంతో మొదలైనట్టు 96కు 96 అదే మొదలు! అప్పుడే నేను కేకవేసింది. పాడైన సరుకు ఇంత వరసగా పాడవదు కదండీ.

వాడు ఒక్క గెంతు గెంతాడు. బ్రౌజరు బొమ్మను బేస్64 అనే పద్ధతిలో మూటకట్టి ఇచ్చి, మూటకట్టానని పక్కనే ఒక చీటీ కూడా పెట్టింది. మావాడు మూట పుచ్చుకుని చీటీ చదవలేదు. అంతే సంగతి! ఆ పద్ధతిలో ఇంగ్లీషు పెద్దబడి 26, చిన్నబడి 26, అంకెలు 10, గుర్తులు 2, మొత్తం 64. మూడు అంకెలు నాలుగు గుర్తులవుతాయి. మూట మూడోవంతు పెరుగుతుంది గాని లోపలి సరుకు గింజ కూడా రాలదు. ముడి విప్పగానే నాన్నగారి చీమలబారు తెరమీద నడుచుకుంటూ వచ్చింది. ఈసారి 96 పేజీలూ ఒక్కొక్కటే తెరిచి చూశాకే ఇంటికి ఫోను చేశాను.

రాత్రి ఇద్దరం కూర్చుని చదువుకుంటున్నాం. 41వ పేజీలో అప్పగింతల పాట మధ్యలో అయిదు చుక్కలు. పక్కన చిన్న అక్షరాలతో, "అమ్మకు జ్ఞాపకం రాలేదు" అని ఉంది. ఆ పాట మరోచోట నేను విన్నదే. అక్కడ పట్టే మాట నాకు తెలుసు. అచ్చు వేయించేటప్పుడు పూరించేద్దామని కలం తీశాను.

"మీ నాన్నగారికి ఆ మాట తోచకనేనంటారా?" అంది మా ఆవిడ.

ఆయనా తెలుగు మాస్టారే. ఇలాంటి పాదాలు వంద పూరించగలరు. కాని ఆవేళ వాళ్లమ్మ పాడుతూ పాడుతూ ఆగిపోయిన చోటు అది.

కలం మూత పెట్టేశాను.